గేజీ గుంటలో కెమెరా

మోటారు గది నుంచి

బావమరిదికి,

నువ్వు పంపిన పార్సిలు అందింది. అందినందుకు సంతోషం, విప్పినందుకు విచారం.

ముందే చెప్తున్నా, ఈ విషయం ఇక ఫోన్లో మాట్లాడుకోవడం కుదరదు. మొన్న మన అరుపులకి పక్కింటాయన గోడ మీద దబదబా బాదాడు. మీ అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఆ కెమెరా గొడవేదో కాగితం మీద పడండి, నా చెవులైనా బతుకుతాయి" అని ఆర్డరు వేసింది. ఈ ఇంట్లో ఎవరి ఆర్డరు చెల్లుతుందో నీకు కొత్తగా చెప్పాలా?

సంగతేంటంటే, నీ బోర్డునీ, ఆ బొటనవేలంత కెమెరానీ నువ్వు గీసిచ్చిన బొమ్మ ప్రకారమే కలిపాను. ఎర్ర వైరు కరెంటుకి, నల్ల వైరు గ్రౌండుకి, తెల్లదీ పసుపుదీ నువ్వు రాసిన రెండు రంధ్రాల్లోకి. కంప్యూటర్లో నీ ప్రోగ్రాము నడిపితే ఒకటే మాట: "కెమెరా కనపడలేదు." కళ్ళెదురుగా బల్ల మీద కూచుని ఉంది కదయ్యా! తీసి మళ్ళీ పెట్టాను. కనపడలేదు. బోర్డుని అటు తిప్పి పెట్టాను. కనపడలేదు. నా తర్వాత షిఫ్టుకొచ్చే ఈలపాట ఉన్నాడే, ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేవాడు, వాడు నా వెనక నించుని ఈల కూడా ఆపేసి జాలిగా చూశాడు. అది ఇంకా మండింది.

ఇది నాకెంత అవసరమో తెలుసుగా. పెద్ద ట్యాంకులో నీళ్ళెంతున్నాయో చెప్పే గేజీ ఈ గది పక్క గుంటలో అడుగునుంది. షిఫ్టులో ఎన్నిసార్లయినా సరే, ఆ ఇనప మెట్లు దిగాలి, గాజుగొట్టంలో నీళ్ళు ఏ నెంబరు దగ్గరున్నాయో చూడాలి, ఎక్కాలి, అప్పుడు మోటారు వెయ్యాలో కట్టాలో తేల్చాలి. నా మోకాళ్ళు ఇక ఒప్పుకోవడం లేదు. ఆఫీసువాళ్ళు పెట్టిన కెమెరా ఆ చెమ్మకి ఎప్పుడో చచ్చింది. ఇంకోటి ఇమ్మంటే "చూద్దాం" అంటారు. వాళ్ళు చూసేలోపు నేను రిటైరవుతాను.

తొందరగా రాయి. కాస్త పెద్దక్షరాలతో రాయి. సిరా పొదుపు చేస్తున్నావా ఏంటి?

బావ

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బెంచి

బావా,

బెంచి మీద విప్పదీసిన మీటర్లు గుట్ట పడి ఉన్నాయి. మా ఫోర్‌మన్ ఇటు చూడనప్పుడు రాస్తున్నాను. కాబట్టి తిట్లు తగ్గించి విషయానికొస్తా.

కెమెరా చచ్చిపోలేదు. నువ్వే దాని చెవిలో మాట్లాడాల్సింది నోట్లో మాట్లాడుతున్నావు. కెమెరాకి ఒక నోరు, ఒక చెవి. బోర్డుకీ అంతే. కెమెరా నోరు తెల్ల వైరు, చెవి పసుపు వైరు. కెమెరా నోరు బోర్డు చెవికి కలవాలి, బోర్డు నోరు కెమెరా చెవికి కలవాలి. నువ్వు నోటికి నోరూ చెవికి చెవీ కలిపావు. ఇద్దరూ మాట్లాడుతున్నారు, ఒక్కరూ వినడం లేదు. నీకూ నాకూ ఫోన్లో జరిగేది సరిగ్గా ఇదే.

నా బొమ్మలో తెల్లది పైన, పసుపుది కింద. మళ్ళీ చూసుకో.

మోకాళ్ళ సంగతి అక్కతో అన్నావా? తైలం ఏదైనా రాసుకో.

నీ బావమరిది

*

మోటారు గది నుంచి

బావమరిదికి,

నీ ఉపన్యాసం చదివాను. నోరూ చెవీ నాకు చెప్తున్నావు, నీ పెళ్ళిలో మైకు సెట్టు బిగించినవాణ్ణి నేను!

తెల్లది పైనే పెట్టాను. నూటికి నూరుపాళ్ళు పైనే పెట్టాను. అయినా నీ మొహం చూసి రెండూ తారుమారు చేశాను. పలికింది. అంటే తప్పు నీ బొమ్మదే. కాదంటావా, అయితే నువ్వు పంపిన వైర్లదే. రెండూ ఒక రంగులోనే ఉన్నాయి. కొట్టువాడు నీ చెవిలో పువ్వు పెట్టాడు.

సరే, కెమెరా కనపడింది. ఫోటో తియ్యమన్నాను. తీసింది. పైన సగం ఉంది, కింద సగం బూడిద రంగు గోడ. మళ్ళీ తీశాను. ఈసారి ముప్పావు గోడ. గుంటలోకి దింపి తీస్తే మొత్తం గోడే! ట్యాంకులో నీళ్ళు చూపించమంటే నాకు సున్నం కొట్టిన గోడ చూపిస్తోంది నీ యంత్రం. దీనికన్నా మా ఈలపాట చేత బొమ్మ గీయించుకోవడం నయం.

బావ

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బెంచి

బావగారికి,

ఇకనుంచి మిమ్మల్ని మీరు అనే అంటాను. "నువ్వు" అంటే చనువు ఎక్కువై నోటికి అడ్డూ ఆపూ ఉండడం లేదు.

నేను పంపిన వైర్లలో తెల్లది తెల్లగానే ఉంది, పసుపుది పసుపుగానే ఉంది. కట్టేముందు నా భార్యకి కూడా చూపించాను. ఆవిడ కూడా అబద్ధమాడుతోందంటారా?

బూడిద గోడ సంగతి. ఈ కెమెరా బొమ్మని ఒక్కసారిగా ఇవ్వదు. చిన్న చిన్న ముక్కలు చేసి, ఒకే వైరు మీద, ఒకదాని వెనక ఒకటి పంపుతుంది. దారిలో కొన్ని ముక్కలు పోతే మిగతా బొమ్మంతా బూడిదే. ఎందుకు పోతున్నాయి? ఒకటి, కెమెరాకి కరెంటు చాలకపోవచ్చు. కంప్యూటర్నించి వచ్చే కరెంటుతో బోర్డు, కెమెరా రెండూ బతకవు. దానికి వేరే అడాప్టరు పెట్టండి. రెండు, వైరు. బల్ల మీంచి గుంట అడుగుదాకా ఎంత వైరు వేశారు? నేను పంపింది జానెడు. మిగతాది ఎక్కడిది?

ఇట్లు, మీ బావమరిది

*

మోటారు గది నుంచి

బావమరిదికి,

మీరు అన్నా, తమరు అన్నా నీ కోతి బుద్ధి ఎక్కడికి పోతుంది.

వైరు స్టోర్సులో చుట్టలుగా పడి ఉన్న పాత టెలిఫోను వైరు. గుంట అడుగుదాకా వేసి ఇంకా మిగిలింది. అడాప్టరు కూడా పెట్టాను. పెట్టాక బూడిద గోడ కూడా పోయింది, అసలు కెమెరానే కనపడ్డం మానేసింది! మొదటికొచ్చాం. రెండు పూటలు దాంతోనే సరిపోయింది. చివరికి ఈలపాట వచ్చి, "అన్నా, అడాప్టరు నల్ల వైరూ బోర్డు నల్ల వైరూ ఒకదానికొకటి ముడెయ్యాలేమో" అన్నాడు. ముడేశాను. కనపడింది. ఈ ముక్క నీ ఉత్తరంలో ఎందుకు లేదు? నేనేం జ్యోతిషం చూసుకుని వైర్లు కలపాలా?

మళ్ళీ సగం బొమ్మ, సగం గోడ.

నాకొకటి చెప్పు. నిజం చెప్పు. ఈ కెమెరాని నువ్వు నీ చేత్తో ఎప్పుడైనా నడిపావా?

బావ

*

ఇంటి నుంచి, వంటగది బల్ల

బావా,

నడపలేదు.

ఒకటే కొన్నాను, కొన్నది కొన్నట్టే నీకు పంపేశాను. ప్రోగ్రాము ఎవరో రాసి పెట్టిందే. చదివాను, బాగానే ఉందనిపించింది, బోర్డులో వేశాను. నిన్నన్ని మాటలన్నాక ఇంకోటి కొనుక్కొచ్చి ఇంట్లో బిగించాను. జానెడు వైరుతో బ్రహ్మాండంగా వచ్చింది, ఉప్పు డబ్బా మీది అక్షరాలతో సహా. అప్పుడు నీలాగే పొడుగు వైరు వేసి, వంటగది నుంచి వాకిలిదాకా లాగాను. సగం బొమ్మ, సగం గోడ! మా ఆవిడ ఆ వైరు కాలికి తగిలి పడబోయింది. ఆ తర్వాత జరిగినవి రాయను.

తప్పు స్పీడుది. ముక్కలు మరీ జోరుగా వస్తున్నాయి, అంత పొడుగు వైరు తట్టుకోలేదు. నెమ్మదిగా పంపమని కెమెరాకి చెప్పేలా, అవన్నీ వచ్చేదాకా ఓపిక పట్టమని బోర్డుకి చెప్పేలా ప్రోగ్రాము మార్చాను. ఇప్పుడు వాకిలి దగ్గర చెప్పులు కూడా లెక్కపెట్టచ్చు. బొమ్మ రావడానికి టీ తాగేంత సేపు పడుతుంది, అంతే. ట్యాంకేమీ పారిపోదుగా.

పెన్‌డ్రైవు కవర్లో పెట్టాను. వేసి చూడు. ఈసారి రాకపోతే నన్ను బావమరిది అని పిలవకు.

*

మోటారు గది నుంచి

బావమరిదికి (ఇప్పటికి అలాగే పిలుస్తున్నా),

బొమ్మ మొత్తం వచ్చింది. గోడ లేదు. ఈలపాట చప్పట్లు కొట్టాడు.

కానీ ఏం లాభం? మసక. పొగలోంచి చూసినట్టుంది. గాజుగొట్టం ఉందని తెలుస్తోంది, దాని పక్కన నెంబర్లున్నాయని తెలుస్తోంది, ఏ నెంబరో తెలిసి చావడం లేదు. నెంబరు తెలియకపోతే ఈ బొమ్మ చట్రం కట్టించి గోడకి తగిలించుకోవడానికి పనికొస్తుంది.

అన్నం తినబుద్ధి కావడం లేదు. దీనికో దారి చూపించు.

బావ

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బెంచి

బావా,

ఇది చిన్న పని. లెన్సు మీద పల్చటి కాగితం పొర ఒకటి ఉంటుంది, గీతలు పడకుండా. గోటితో లాగెయ్. తర్వాత లెన్సు చుట్టూ ఉన్న రింగుని మూత తిప్పినట్టు కొంచెం కొంచెం తిప్పుతూ ఫోటోలు తియ్యి. ఒకచోట అద్దంలా వస్తుంది. అక్కడ ఆగిపో. గుంటలో చీకటి కాబట్టి కెమెరా పక్కన చిన్న లైటు పెట్టు.

ఇక ఇంతకన్నా అందులో ఏమీ లేదు.

ఒక మాట. ఈమధ్య నీ ఉత్తరాల్లో అక్షరాలు కొట్టు మీద బోర్డు రాసినట్టుంటున్నాయి. అరుస్తున్నట్టుంది. ఫోనే నయం.

*

మోటారు గది నుంచి

పొర లాగేశాను. రింగు తిప్పాను. కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను, వేళ్ళు నొప్పి పుట్టేదాకా తిప్పాను. ప్రతిసారీ గుంటలోకి దిగి తిప్పడం, ఎక్కి వచ్చి చూడడం. మసకే. లైటు పెట్టాక మరీ ఘోరం. బొమ్మంతా తెల్లగా భగ్గుమంటోంది, కళ్ళు జిగేలుమంటున్నాయి.

నీ కెమెరా చవకరకం. నీ లెన్సు చవకరకం. నీ సలహాలు వాటికన్నా చవకరకం. ఇంకో వారం చూస్తాను, తర్వాత దీన్ని తీసుకెళ్ళి ట్యాంకులో పడేస్తాను. ఊరంతా నీ కెమెరా నీళ్ళు తాగుతుంది.

బావ

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బెంచి

బావా,

తల ప్రాణం తోకకొచ్చింది. నా దగ్గరున్న కెమెరా అదే కంపెనీది, అదే కొట్టులో కొన్నది, అదే ప్రోగ్రాము. నాకు అద్దంలా కనపడుతోంది, నీకు పొగలా కనపడుతోంది. ఇద్దరం ఇలా గాల్లో కర్రసాము చెయ్యడం ఎందుకు? ఆ బొమ్మని ఒక కాగితం మీద ప్రింటు తీసి పంపు. మసక ఎలాంటిదో చూస్తే లోపం ఎక్కడుందో చెప్తాను. చెమ్మ పట్టిందా, లెన్సు వంకరా, ఏదైనా సరే బొమ్మలో తెలిసిపోతుంది.

*

మోటారు గది నుంచి

ప్రింటరు పాడైంది. జిరాక్సు షాపు మూశాడు. నాకు తీరిక లేదు. ఆ మసక బొమ్మ పోస్టులో పంపడం దేనికి, నామర్దా.

వేరే లెన్సు పంపు.

బావ

*

కుట్టుమిషను దగ్గర్నుంచి

తమ్ముడూ,

మీ ఇద్దరి మధ్యలో దూరకూడదనుకున్నాను. దూరుతున్నాను. మీ బావకి ఈ ఉత్తరం సంగతి తెలియదు.

నిన్న భోజనం క్యారేజీ ఇవ్వడానికి మోటారు గదికి వెళ్ళాను. ఆయన కంప్యూటరుకి ముక్కు ఆనించి కూచున్నారు. పక్కన ఆ ఈల వేసే అబ్బాయి, షిఫ్టుకొచ్చి అప్పుడే గుంటలోకి దిగి ఎక్కినట్టున్నాడు. నేను గుమ్మంలోంచే చూశాను. తెర మీద గాజుగొట్టం, పక్కన ఏడు అంకె, చక్కగా కనపడుతోంది. ఊరికే ఉండలేక, "ఏడు దగ్గరుందే నీళ్ళు" అన్నాను. మీ బావ నా వైపు తిరిగి, "నీకెలా తెలుసు?" అన్నారు. "కనపడుతోందిగా" అన్నాను. మళ్ళీ తెర వైపు తిరిగిపోయారు. క్యారేజీ విప్పలేదు.

బయటికొచ్చాక ఆ అబ్బాయి వెనకాలే వచ్చాడు. "అక్కా, రోజూ నేను రింగు సరిగ్గా పెట్టి వెళ్తున్నాను. మర్నాడొచ్చేసరికి ఎవరో తిప్పేసి ఉంటున్నారు. అన్నే అని తెలుసు, అడగడానికి భయం" అన్నాడు. వాడి చేత ఒక బొమ్మ ప్రింటు తీయించాను. కవర్లో పెట్టాను, చూడు.

ఈ ఇంట్లో జరిగేవి కూడా చెప్తాను. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంటున్నారు. టీ కప్పులో పొయ్యబోయి సాసర్లో పోస్తున్నారు. తెల్ల దారం రీలు తెమ్మంటే లేత పసుపుది తెచ్చారు, ఇది కాదంటే "తెల్లదే కదా" అని నామీద కసురుకున్నారు. మోకాళ్ళా? మొన్న అటక మీంచి ట్రంకుపెట్టె దించారు. మోకాళ్ళు ఉక్కుముక్కలు.

నేనడిగితే కాలికేస్తే మెడకేస్తున్నారు. నువ్వడుగు. నీ మీద అరిచినా, నీ మాట ఆయన మనసులో ఉంటుంది.

అక్క

*

ఇంటి నుంచి

బావా,

ఇంకో లెన్సు పంపడం లేదు.

గుంటలో కెమెరా తీసిన బొమ్మ నా చేతిలో ఉంది. ఎలా వచ్చిందని అడగకు. గాజుగొట్టం మీద చెమ్మ బొట్లు కూడా కనపడుతున్నాయి. నీళ్ళు ఏడు దగ్గరున్నాయి. కెమెరాలో లోపం లేదు, లెన్సులో లేదు, వైర్లో లేదు, ప్రోగ్రాములో లేదు. ఇన్నాళ్ళుగా మనం ఒక్కోటీ తీసేసుకుంటూ వచ్చాం. తెల్ల వైరూ పసుపు వైరూ ఒకలా కనపడ్డం, లైటు పెడితే కళ్ళు జిగేలుమనడం, నా అక్షరాలు చిన్నవనడం, అన్నీ వరసగా పెట్టుకుని చూశాను. నాకు ముందే తట్టాల్సింది. నీతో గెలవాలన్న పంతంలో తట్టలేదు.

నీ కళ్ళు చూపించుకో బావా.

*

మోటారు గది నుంచి

అక్కాతమ్ముళ్ళు ఏకమయ్యారన్నమాట. బాగుంది. నా కళ్ళ సంగతి నాకు తెలుసు. నీ కెమెరా విప్పేశాను. పార్సిలు చేసి పంపుతాను.

*

ఇంటి నుంచి

బావా,

పార్సిలు రాలేదు. రాదని నాకు తెలుసు. విప్పావో లేదో కూడా నాకు అనుమానమే.

నువ్వు కోప్పడితే నేను తిరిగి కోప్పడాలి, అది మన పద్ధతి. ఈసారి కోపం రావడం లేదు. ఆ గుంట నేను చూశాను. మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి, అడుగున గచ్చు. రింగు తిప్పడానికి నువ్వు రోజుకి ఎన్నిసార్లు దిగావో, మెట్టు కనపడక కాలితో తడుముకుంటూ ఎలా దిగావో తలచుకుంటే రాత్రిళ్ళు నిద్రలోంచి లేచి కూచుంటున్నాను. ఆ దిగడమంతా నేను చెప్పబట్టే.

తిట్టు. ఫోను చేసి తిట్టు. కానీ నాకు నిజం చెప్పు.

*

ఇంటి నుంచి, మీ అక్క కుట్టుమిషను ఆపి పక్కన కూచుంది

బావమరిదికి,

కెమెరా విప్పలేదు.

పోయిన చలికాలంలో మొదలైంది. మొదట వీధి దీపాల చుట్టూ గుండ్రంగా వెలుగు కనపడేది. మంచు అనుకున్నాను. చలికాలం పోయింది, మంచు పోలేదు. గేజీ దగ్గరికి దిగితే మొహం గాజుకి ఆనిస్తే తప్ప నెంబరు తెలిసేది కాదు. ఒకరోజు మూడు అనుకున్నాను. మోటారు వేసి వచ్చి కూచున్నాను. అది ఎనిమిది. ట్యాంకు నిండి, గోడ దాటి, నీళ్ళు వీధిలోకి పారాయి. సైకిళ్ళ షాపువాడి సామాను తడిసింది. మా ఆఫీసు ఇంజినీరమ్మ వచ్చి ఏమైందంటే, "గేజీలో తేలే బెండు ఇరుక్కుంది" అన్నాను. ఆవిడ నమ్మింది. ఇన్నేళ్ళ సర్వీసు, ఎందుకు నమ్మదు?

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. పైనుంచి, కంప్యూటర్లో, అంకె పెద్దది చేసుకుని చూడొచ్చు కదా, ఎవరికీ తెలియకుండా ఈ రిటైరుమెంటు దాకా గడిపేయొచ్చు కదా అనుకున్నాను. అందుకే నీ వెంటపడ్డాను. మోకాళ్ళు అన్నాను. నువ్వు పంపావు. కష్టపడి బొమ్మ రప్పించాం. వస్తే అదీ మసకే. అప్పుడు కూడా కెమెరాదే తప్పు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నీకు నవ్వులాటగా ఉంటుంది. కెమెరా తప్పయితే బాగుచెయ్యచ్చు కదా అని.

మీ అక్క గుమ్మంలోంచి "ఏడు" అన్నప్పుడు తప్పు కెమెరాది కాదని తేలిపోయింది. అంత దూరం నుంచి!

కళ్ళు పోయాయని తెలిస్తే నన్ను మోటార్ల దగ్గర ఉండనివ్వరు. గేటు దగ్గర కుర్చీ వేసి కూచోబెడతారు. వచ్చేపోయే లారీలకి చెయ్యూపడం. ఆ కుర్చీలో కూచున్న ముసలాయన్ని రోజూ చూస్తున్నాను. పలకరిస్తే కూడా వాచీ చూసుకుంటాడు.

డాక్టరు ఏం చెప్తారోనని భయం. ఇక ఏమీ చెయ్యలేం అంటే? చూపించుకోనంతకాలం అనరు కదా.

ఇదీ నిజం. మీ అక్కకి కూడా ఇప్పుడే చదివి వినిపించాను. తిట్టలేదు, నా చొక్కా గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది. అందుకే ఎక్కువ భయంగా ఉంది.

బావ

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బెంచి

బావా,

ఫోర్‌మన్ చూస్తుండగానే రాస్తున్నాను. చూసుకోనీ.

వైరు సరిగ్గా కలిపామో లేదో తెలియకుండానే కెమెరా కనపడలేదని గోల పెట్టింది ఎవరు? నువ్వు. బూడిద గోడ చూసి యంత్రం దండగ అన్నది ఎవరు? నువ్వు. ప్రతిసారీ ఇక అయిపోయిందన్నావు, ప్రతిసారీ ఏదో ఒక చిన్న లోపం. కళ్ళకి మాత్రం ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండానే తీర్పు చెప్పేశావు. నీలాంటివాడు మా వర్క్‌షాపులో ఉంటే ఒక్క మీటరు కూడా బాగవ్వదు, అన్నీ తుక్కులోకే.

ఈ సోమవారం అక్కతో కలిసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. దానికన్నా ముందు, ఇవాళే, ఇంజినీరమ్మకి చెప్పు. నీళ్ళు వీధిలోకి పారితే సామాను తడిసింది. నువ్వు మెట్టు తప్పితే ఏమవుతుంది? ఇంకోసారి మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియక మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతే, ఊరికి నీళ్ళెక్కడివి?

చెప్పకుండా ఇంకో షిఫ్టు చేశావో, నేనే ఆవిడకి ఫోను చేస్తాను. నా గొంతు ఎంత పెద్దదో మీ పక్కింటాయన్ని అడుగు.

*

ఇంటి నుంచి, వరండా

బావమరిదికి,

చెప్పాను.

ఇంజినీరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇన్నాళ్ళు కళ్ళు కనపడకుండా నా ట్యాంకు నడిపారా?" అంది. బెండు ఇరుక్కోలేదని కూడా చెప్పాను. అప్పుడు మళ్ళీ కూచుంది. ఆవిడ తిట్లు నీ తిట్లలాంటివి కావు. గొంతు పెంచదు. సైకిళ్ళ షాపుదాకా నడిచి వెళ్ళి షాపతనికి నిజం చెప్పి రమ్మంది. వెళ్ళాను. అతను, "అప్పుడే చెప్తే పోయేదిగా పెద్దాయనా, నేను ఆరోజంతా మా పక్కవాడి కుళాయిని తిట్టుకున్నాను" అన్నాడు. కంటి డాక్టరు కాగితం మీద రాసిచ్చేదాకా మోటారు గదిలో అడుగుపెట్టొద్దని ఆర్డరు. నా షిఫ్టు ఈలపాటా ఇంకొకతనూ పంచుకుంటున్నారు.

డాక్టరమ్మ దగ్గరికీ వెళ్ళాం. అక్షరాలు చదవమంది. "ముందు ఆ బోర్డు తుడవండి" అన్నాను. మీ అక్క నా మోచెయ్యి గిల్లింది. డాక్టరమ్మ నవ్వలేదు. చుక్కల మందు వేసి, ఏదో యంత్రంలోంచి చాలాసేపు చూసింది.

శుక్లాలట. రెండు కళ్ళకీ. ముదిరిపోయాయట. "తీసేసి కొత్త లెన్సు పెడతాం, వెనకాల కన్ను బాగుంది" అంది. ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారి చెప్పింది. ముందు కుడికన్ను, అది నెమ్మదించాక ఎడమది.

బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాం. మీ అక్క అప్పుడు మొదలుపెట్టింది. బస్సు ఎక్కేదాకా, ఎక్కాక, దిగాక, ఇల్లు చేరేదాకా. ఇంట్లోకొచ్చాక నీ వంతు తిట్లు కూడా నన్నే తిట్టింది.

బావ

*

ఇంటి నుంచి

బావా,

ఆపరేషను రోజున సెలవు దొరకలేదు. ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. ఈ కాగితం ఇంట్లో ఎవరిచేతైనా చదివించుకో. కన్ను రుద్దుకోకు. బరువులెత్తకు. డాక్టరమ్మకి వైరింగు గురించి సలహాలివ్వకు.

అక్కా, వీలైతే చెయ్యి పట్టుకుని కూచో. భయపడుతున్నాడని బయటికి తెలియనివ్వడు.

*

ఇంటి నుంచి

బావమరిదికి,

కట్టు విప్పారు. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ నేనే తీసుకుని చదివాను. నీ దస్తూరీ ఇంత దరిద్రంగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు. కళ్ళు బాగాలేకపోవడం వల్ల కొన్ని లాభాలు కూడా ఉన్నాయి.

డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. పగటి షిఫ్టులో మోటారు గదిలో ఉండొచ్చు, రెండో కన్ను అయ్యేదాకా మెట్లు దిగడం మాత్రం లేదు. అసలు దిగాల్సిన పనేముంది? కుర్చీలో కూచుని గేజీ చూస్తున్నాను. నీ కెమెరా బాగానే తీస్తోంది. ఈ మాట ఇంకోసారి రాయను.

అసలు సంగతి. ఇంజినీరమ్మ వచ్చి చూసింది. తెర ముందు నించుని, "ఇలాంటివి మిగతా పంపుహౌసులకీ పెట్టగలరా?" అంది. పెడతామన్నాను. మా బావమరిది చేస్తాడన్నాను. మొదటిది కాలవ పక్క పంపుహౌసులో. సామాను ఆఫీసే ఇస్తుంది.

బావ

*

వర్క్‌షాపు, కిటికీ పక్క బెంచి

బావా,

నన్ను అడక్కుండా ఎలా ఒప్పుకున్నావు? నాకు ఉద్యోగం లేదా? నాకు ఇల్లు లేదా? మా ఆవిడ ఇప్పటికీ వంటగదిలో వైరు కనపడితే కాలు ఎత్తి నడుస్తోంది. ఒక్క కెమెరాకి మన ఇద్దరి ఆయుష్షు సగం తగ్గింది, మిగతా పంపుహౌసులన్నిటికీ పెట్టేసరికి ఏం మిగులుతాం?

నా ఖర్మ. శుక్రవారం నుంచి సెలవు పెట్టాను. వస్తున్నాను. నేను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు. వైరు ముట్టుకోకు, బోర్డు ముట్టుకోకు, పెట్టె కూడా విప్పకు. ఈలపాటని కూడా ముట్టుకోనివ్వకు. ఇద్దరం కలిసి కూచుని, నిదానంగా, అరుచుకోకుండా చేద్దాం.

*

కాలవ పక్క పంపుహౌసు నుంచి

బావమరిదికి,

నీ ఉత్తరం చేరేసరికే పెట్టె విప్పేశాను. పొద్దున్న మొదలుపెట్టి ఒక్కణ్ణే కలిపాను. ఇక్కడి గేజీకి మెట్లు లేవు, భయపడకు. మొదటిసారికే బొమ్మ వచ్చింది, నాలుగు మూలలా.

నువ్వు చెయ్యడానికి ఇక్కడ పనేమీ మిగల్లేదు.

అయినా రా.

బావ